ముప్ఫైతొమ్మిది పూతల మీద ఎస్తేరమ్మ దండయాత్ర

భూగోళమందు, భరతఖండమందు, ఫ్లైఓవర్ల నీడన సేదదీరు బెంగళూరు మహానగరానికి ప్రాగ్దిశను, వర్తూరు చెరువుగాలి సోకు సందులో, నవంబరు మాస శనివారం ఉదయం పది దాటిన పుణ్యవేళ, విశ్రాంత నర్సమ్మ, సహస్రసూచీప్రయోగధీర, అకంపితహస్త యగు ఎస్తేరమ్మ, కూరగాయల సంచి యను ఒరలోనుండి ఇనుప అట్లకాడను దూసి, చర్చి లోపలి గోడ ముందు నిలిచింది.

కారణం వినుడు. నూరేళ్లు దాటిన ఆ చర్చి ఆపాదమస్తకం టేకు కట్టెది. చెప్పినా ఎవరూ నమ్మరు. ఏలననగా క్రిస్మసుకు ముందు ఏటా ఒక కుటుంబం చర్చికి రంగు కానుక ఇవ్వడం ఆ సంఘంలో ఆచారం. పాత రంగు గీకితే ఇచ్చినవారికి అవమానమని, లోపలా బయటా దానిమీదనే కొత్తది పూస్తారు. ఇట్లు భక్తి మీద భక్తి పేరుకొని, ముప్ఫైతొమ్మిది పూతలై, పలకల సందులన్నీ పూడి, గోడ సిమెంటును మించిన నునుపు తేరింది. రోడ్డు వెడల్పుకై వచ్చిన సర్వేవారు చూసి 'సిమెంటు షెడ్డు' అని రాసుకొని పోయారు. షెడ్డును కూల్చవచ్చు; పాత కట్టె కట్టడమైతే రోడ్డే పక్కకు తిరగాలి. మళ్లీ చూసిపోవడానికి అధికారి హేమంత్‌కుమార్ పదకొండింటికి వస్తున్నాడు. ఆలోగా కట్టె కనబడకుంటే, ఎస్తేరమ్మ పెళ్లాడిన చర్చి, మొగుణ్ణి సాగనంపిన చర్చి, షెడ్డుగానే నేలకూలుతుంది.

"ఓయీ వర్ణాసురా, వేలమంది ముంజేతుల్లో నరం వెతికి పట్టిన ఈ హస్తం నీ అడుగున దాగిన దారువును పట్టలేదనుకొంటివా" అని ఆ వీరనారి మనసులో గర్జించి, పైకి చిన్నగా దగ్గి, అట్లకాడ ఆనించింది.

సంఘ కార్యదర్శి ప్రభుదాసు పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు.

"అక్కా, పైనుండేది మా కూతురు బ్లెస్సీ పెండ్లికిచ్చిన గులాబి రంగు. రవ్వంత చూసి గీకు."

"చూసేదానికేముండాదప్పా," అంది ఎస్తేరమ్మ. గులాబి కూలింది.

పిదప మీగడరంగు మడిసింది, వంకాయరంగు వెన్నిచ్చింది, పసుపుపచ్చలు మూడు వరుసగా నేలకొరిగాయి. పెచ్చులు పెచ్చులుగా క్రిస్మసులు రాలుతుండగా ఆకుపచ్చ తేలింది. ప్రభుదాసు లేచి నిలబడ్డాడు.

"అది మా నాయన చేతులారా పూసిందక్కా."

"మీ నాయన్ని నేనేమన్నా అంటినా? రంగుని అంటా ఉండా." కరుణ లేని అట్లకాడ ముందుకు సాగింది. ప్రభుదాసు ముఖం మాడ్చుకొని కూర్చున్నాడు.

పదకొండుకు ఐదు నిమిషాలుండగా చిట్టచివరి పూత బయటపడింది. ఆకాశనీలం. గంట కొట్టే యోహాను, అనగా ఎస్తేరమ్మ తండ్రి, ఈ ఆచారానికే ఆద్యుడై ఇచ్చిన మొట్టమొదటి కానుక. వేల సూదులకు వణకని చెయ్యి అప్పుడు వణికింది.

"ఇదొకటి ఉండనీ ప్రభుదాసూ. నీలం బాగుండాది గదా."

"మా నాయన ఆకుపచ్చ గీకేటప్పుడు నీ చెయ్యి అల్లాడలేదే."

ఈ బాణం తగిలిన ఆ వీరనారి అట్లకాడను మళ్లీ నీలానికి ఆనించింది. బయట జీపు ఆగిన చప్పుడైంది. ప్రభుదాసు గభాలున వచ్చి ఆమె చేతిమీద తన చెయ్యి వేశాడు. ఇద్దరూ కళ్లు మూసుకొని ఒక్క గీకు గీకారు.

కళ్లు తెరిస్తే కట్టె. అందులో కన్నులాంటి ముడి. పొడుగు ప్రసంగాలప్పుడు పిల్ల ఎస్తేరు నిద్రరాకుండా తదేకంగా చూసిన ముడి అదే, మళ్లీ ఆమెను చూసింది. ఆమె ఏడ్చింది.

హేమంత్‌కుమార్ వంగి, గోరుతో నొక్కి, వాసన చూశాడు. "ఇది కట్టేనమ్మా. మరి మిగతాది?"

"అదీ కట్టేనప్పా. కోటు తొడుక్కోనుండాది, అంతే."

ఆయన నవ్వి, 'సిమెంటు షెడ్డు' కొట్టేసి 'కట్టె కట్టడం' అని రాశాడు.

ఇట్లు ముప్ఫైతొమ్మిది సంవత్సరాల సేనను చీల్చి చెండాడి, ఇడ్లీ అంత మేర టేకును జయించిన ఎస్తేరమ్మ కీర్తి వర్తూరు సందు మొదలు బస్‌స్టాపు పర్యంతం వ్యాపించెను. విజేతలిద్దరూ మోకాళ్లమీద కూర్చొని పెచ్చులు ఏరుకొన్నారు, ఆమె నీలానివి, ఆయన ఆకుపచ్చవి.

ఈ ఏటి రంగు కానుక వంతు ఎస్తేరమ్మదే. కానుకలమీద పేరు చెక్కించే ఆచారం ప్రకారం పిడిమీద పేరూ సంవత్సరమూ చెక్కించి, సంఘానికి అట్లకాడ ఇచ్చింది.