లోపలికి పీల్చిన అవును

ఫిబ్రవరిలో ఆ ఉదయం సిక్స్టెన్ బుర్వాల్ పెట్టుకున్న పని ఒక్కటే: ఏమీ చేయకుండా ఉండడం. నిండా ఛార్జి ఎక్కించిన ఫోనును కోటు లోపలి జేబులో వేసుకోవాలి. కాఫీ వేళ వరకు దాన్ని చేత్తో ముట్టకూడదు. దూరాన దక్షిణాదిలోని మాల్మో నుంచి వచ్చే కొనుగోలుదారులకు అప్పుడు మిగిలిన ఛార్జి చూపించాలి. వాళ్ళు కొంటే, అతను భాగస్వామి ఎబ్బాతో కలిసి ఉత్తరాది ఊరైన ఊమియోలో పెట్టిన చిన్న ప్రయోగశాల బతుకుతుంది. కొనకపోతే వసంతంలో దానికి తాళం పడుతుంది.

"కొంటామంటే సరే. తట్టాబుట్టా సర్దుకుని మాల్మో రమ్మంటే మాత్రం ఒప్పుకోకు," అంది అతని భార్య గున్వోర్, బూట్లు తొడుక్కుంటూ. "నీకు కాదనడం చేతకాదు. మా అమ్మ నీకా పడవ అంటగట్టినప్పుడే తెలిసింది."

"పడవ బాగానే ఉంది కదా."

"నీళ్ళలోకి దించనంత కాలం బాగానే ఉంటుంది. ఒప్పుకోవు కదా?"

సిక్స్టెన్ పెదవులు సున్నాలా చుట్టి గాలిని చటుక్కున లోపలికి పీల్చాడు. ఆ ప్రాంతంలో అవుననడం అంటే అదే. మాట నిలబెట్టుకుంటానని చెప్పడానికి అంతకన్నా శ్రమపడరు.

అతని కష్టమంతా ఆ శబ్దం చుట్టూనే తిరిగింది. అతని ఫోను నిద్రపోతూనే ఒక చిన్న చెవిని తెరిచి ఉంచుతుంది. యజమాని గొంతు వినబడితేనే ఆ చెవి పెద్ద మెదడును లేపుతుంది. లేకపోతే ఛార్జి ఖర్చు కానివ్వదు. ఎవరైనా కబురు పంపితే చదివి వినిపించి, యజమాని అవునంటే ఆ జవాబు తనే పంపుతుంది. అయితే తొలి పరీక్షలలో, ఫోను ఏది అడిగినా జనం గాలి పీల్చి ఊరుకున్నారు. జవాబు రాలేదనుకున్న ఫోను అడిగిందే అడిగి, ఛార్జి అయిపోయి కన్నుమూసింది. అందువల్ల సిక్స్టెన్ దానికి లోపలికి పీల్చే అవునును నేర్పాడు. పైకి మాట్లాడడం ఖరీదైన పని గనుక, దాని గొంతును గుసగుస స్థాయికి తగ్గించాడు. రెండూ సహేతుకమైన నిర్ణయాలే. కాకపోతే పరీక్షలన్నీ వెచ్చని గదిలో జరిగాయి.

సిక్స్టెన్ చెవులు కప్పే బొచ్చు టోపీ దించుకుని, వాకిట్లో కారును కప్పేసిన మంచును పారతో ఎత్తసాగాడు. పార లేచిన ప్రతిసారీ చలి ఛాతీలో గుచ్చుకుంది. గాలి చటుక్కున లోపలికి పోయింది.

జేబులో ఫోను గుసగుసగా పని మొదలుపెట్టింది. అతని అత్తగారు ఆల్ఫ్‌హిల్డ్ ఇంట్లో నీటి గొట్టాలు గడ్డకట్టాయట. వేసవి వరకు వచ్చి ఉండవచ్చునా? అవునని పంపనా? పార లేచింది. కూతురి ఐస్ హాకీ జట్టు ప్రయాణ ఖర్చుల కోసం తల్లిదండ్రులు టాయిలెట్ కాగితం అమ్మిపెట్టాలి. మిగిలిపోయిన సరుకంతా సిక్స్టెన్ ఆఫీసుకు తోలించవచ్చునా? పార లేచింది. ఆ తరువాత మాల్మో నుంచి ఒక ప్రశ్న వచ్చింది. అప్పటికి సిక్స్టెన్ పూర్తిగా ఆయాసపడుతున్నాడు.

అతను ఆఫీసుకు చేరేసరికి వసారా నిండా టాయిలెట్ కాగితం పేర్చి ఉంది. ఆ గుట్టల మీద, ఇరువైపులా పెట్టెలతో, ఆల్ఫ్‌హిల్డ్ కూర్చుని ఉంది.

"ఈ వేళప్పుడు మీ ఇంటికి తాళం ఉంటుందని ఇటే వచ్చేశాను," అందామె. "అడగ్గానే ఒప్పుకున్నావు, సిక్స్టెన్. ఇన్నేళ్ళూ నిన్ను అపార్థం చేసుకున్నాను."

ఎబ్బా అతన్ని పక్కకు లాగింది. "ఈ కాగితం ఏమిటి? అతిథులు లోపల ఉన్నారు. మనకేదో కడుపు జబ్బనుకుని, కాఫీ వద్దంటున్నారు."

సిక్స్టెన్ ఫోను తీశాడు. పంపిన జవాబులన్నీ తెర మీద వరుసగా ఉన్నాయి. చివరి ప్రశ్న ఇది: 'కొనడానికి సిద్ధమే. నువ్వూ నీ బృందమూ మాల్మోకు మారడానికి ఒప్పుకుంటున్నారా?' దాని కింద, అవును.

"దీన్ని ఖాయం చేయనా?" అని అడిగింది ఫోను.

భయంతో సిక్స్టెన్ గాలి పీల్చాడు.

"ఖాయం చేశాను," అంది ఫోను.

ఎబ్బా గోడకు ఆనుకుంది. మారాలా వద్దా అన్నది సిక్స్టెన్ ఇష్టమని నిన్ననే అతిథులకు రాసి ఇచ్చింది ఆమే. చచ్చినా ఊరు వదలడని ఆమె ధీమా.

మాల్మో నుంచి వచ్చిన కోర్నేలియా ఫోనును అటూ ఇటూ తిప్పి చూసింది. "పొద్దుటి నుంచి ఇంత పని చేసిందా? అయినా ఛార్జి పెద్దగా తగ్గలేదు. ఇలాంటిది మేమెక్కడా చూడలేదు. మీ ఉత్తరాది వాళ్ళు దేనికైనా నెల రోజులు ఆలోచిస్తారని చెప్పారు. నువ్వు క్షణంలో తేల్చేశావు."

"అది నేను కాదు," అన్నాడు సిక్స్టెన్. "ఊపిరి."

"ఆ, ఆ సంగతే. ఆ ఊపిరి అవునును తీసేయాలి. మా వైపు అలా ఎవరూ అనరు. నీకు సమ్మతమేనా, ఎబ్బా?"

ఎబ్బా ఓటమిగా గాలి పీల్చింది.

"ఈమెకు ఒంట్లో బాగాలేదా?" అని కోర్నేలియా అడిగింది. వసారాలోని కాగితం ఆమెకు గుర్తొచ్చినట్టుంది. కుర్చీని కాస్త వెనక్కి జరుపుకుంది.

మధ్యాహ్నం సిక్స్టెన్ అత్తగారి పెట్టెలు మోసుకుంటూ బయటికి వచ్చాడు. టోపీ కాగితపు గుట్ట మీదే మరిచిపోయాడు గనుక, ఈసారి ఫోను గుసగుస స్పష్టంగా వినిపించింది.

"గున్వోర్ అడుగుతోంది: మాల్మోకు ఒప్పుకున్నావా ఏమిటి? అవునని పంపనా?"

అతను నోరు మూసి ఊపిరి బిగబట్టాడు. రెండు చేతుల్లోనూ పెట్టెలు. ఫోను ముట్టుకునే వీలు లేదు. కాదని నోటితో చెప్పవచ్చు, కానీ అది అబద్ధమవుతుంది. పైగా, గున్వోర్ అన్నట్టు, అది అతనికి చేతకాదు.

"ఏమైంది, మొహం అలా నీలంగా మారింది?" అంది ఆల్ఫ్‌హిల్డ్ వెనకనుంచి. "ఊపిరి పీల్చుకో, బాబూ."

కారు వరకు ఎలాగో నడిచాడు. కారు తలుపు మంచుకు బిగుసుకుపోయి ఉంది. పెట్టెలు దించి, భుజం ఆనించి, బలమంతా పెట్టి లాగాడు. తలుపు రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది, చటుక్కున, లోపలికి.

"పంపాను," అంది ఫోను. పొద్దుటి నుంచి అది పంపిన జవాబులలో నిజమైనది అదొక్కటే.

ఛార్జి ఇంకా సగానికి పైనే ఉంది.