అవతలి పార్టీ

ఆ ఉదయం లెక్కల మాస్టారు గడ్డం గీసుకుంటూ, అద్దంలో ఉన్నాయనకు చెబుతున్నట్టుగా ప్రకటించారు. "మనకు వేరే బ్రోకరు దండగ. ఇల్లు అమ్మేవాళ్ళకు ఎలాగూ ఒకడున్నాడు. పెద్దమనిషి, అడక్కుండానే కుర్చీ వేశాడు."

"కుర్చీ వేసింది మీకు, పనిచేసేది వాళ్ళకు," అంది భార్య. గాలి ఆడని అద్దె వంటింట్లో పదేళ్ళు ఉడికిన మనిషి ఆమె. వాళ్ళు చూసొచ్చిన ఆ ఇంటి వంటగదికి రెండు కిటికీలున్నాయి. అది చేజారితే ఆమె తట్టుకోలేదు. "మన తరఫున ఒక మనిషి ఉండాలండీ."

"నేను లేనూ?"

మాస్టారు అప్పటికే పథకం వేశారు. బావమరిది ఎవరో కొత్తవాడిలా వెళ్ళి, ఇంటికి వంకలు పెట్టి, చవగ్గా అడగాలి. అమ్మేవాళ్ళు నీరుగారిపోయాక మాస్టారు ఓ మెట్టు పైకి అడిగి ఇల్లు కొట్టేయాలి.

"వెంటనే వెనక్కి తగ్గకు, అనుమానం వస్తుంది. సాయంత్రం దాకా మనిద్దరి మధ్యా ఫోన్లు వద్దు," అని హెచ్చరించారు.

"అలాగే బావగారూ," అన్నాడు బావమరిది. బావగారి మాట జవదాటని మనిషి, అదే కొంప ముంచింది.

అతను చవగ్గా అడిగాడు. మాస్టారు కాస్త పెంచారు. వేరే పార్టీ పెంచిందని బ్రోకరు ఫోన్ చేస్తే, వెనక్కి తగ్గకూడదు కదా అని బావమరిదీ పెంచాడు. ఆ కబురు మాస్టారికి అందింది. తను పంపినవాడు అడిగేది తక్కువకే కాబట్టి, వీడెవడో మూడోవాడని ఆయన లెక్క తేల్చారు. పౌరుషం పొడుచుకొచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆ ఇంటి ధర అమ్మేవాళ్ళు కలలో కూడా అడగనంత పైకి పాకింది. బ్రోకరు, పాపం, ఒక్క అబద్ధమూ ఆడలేదు.

సాయంత్రం మాస్టారు బ్రోకరు ఆఫీసులో ఒప్పందం మీద సంతకానికి కలం తీశారు. అంతలో భార్య లోపలికొచ్చింది. ఒక చేత్తో తమ్ముడి రెక్క పట్టుకుంది. వెనకాల కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ.

"సంతకం ఆపండి! మధ్యాహ్నం ఈ బ్రోకరమ్మను పెట్టుకున్నాను. అవతలి పార్టీ మొహం ఎవరైనా చూశారా అని అడిగిందావిడ. వచ్చి చూస్తే బయటి బెంచీ మీద వీడు! ఇంకా పెంచుదామని వచ్చి కూర్చున్నాడు!"

"వెనక్కి తగ్గలేదు బావగారూ," అన్నాడు బావమరిది గర్వంగా.

మాస్టారు మెల్లగా కలానికి మూత పెట్టారు. బ్రోకరమ్మ మాత్రం నింపాదిగా కుర్చీ లాక్కుంది. "కొనేది ఒకే కుటుంబం. ధర మళ్ళీ మొదట్నుంచి మాట్లాడుకుందామా?"

గంటలో ఇల్లు అమ్మేవాళ్ళు మొదట చెప్పిన ధరకన్నా తక్కువకే ఖాయమైంది. మెట్లు దిగుతూ మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఆవిడ కమీషన్ కాస్త తగ్గించమని బేరమాడి చూడనా?"

"ఆడండి," అంది భార్య. "ముందు మీ తరఫున ఓ మనిషిని పెట్టుకోండి."