కార్డులు అవే, పాట వేరు

ఆ రోజు పుట్టినరోజు భార్యది, ప్రాణసంకటం భర్తది. కిందటి ఆదివారం కంచం ముందు కూర్చుని ఆయన ఒక మాట జారాడు. "నీ కూరలన్నీ ఒకటేనే. ఉల్లిపాయ, టమాటా, ఉప్పు, కారం. పేర్లే వేరు" అన్నాడు. అప్పటినుంచి ఆవిడ నోరు విప్పలేదు. ఇంట్లో కుట్టుమిషను ఒక్కటే మాట్లాడుతోంది. పైగా మంచం కింద ఉండాల్సిన పెట్టె మంచం మీదికి వచ్చి కూర్చుంది. రేపో మాపో వాళ్ళక్కయ్య ఇంటికి ప్రయాణమన్నమాట. అందుకే ఆ సాయంత్రం తను స్వయంగా కట్టిన పాటను గిటారు మీద పాడి, ఆ పెట్టెను మళ్ళీ మంచం కిందికి పంపాలని ఆయన పథకం వేశాడు.

ఆయన బీమా ఆఫీసులో గుమాస్తా. బిల్డింగులో అందరూ "గిటారాయన" అంటారు. నిజానికి గిటారులో ఆయనకు వచ్చినవి నాలుగే కార్డులు. అంటే నాలుగు రకాలుగా వేళ్ళు నొక్కి తీగలన్నీ కలిపి మీటితే వచ్చే నాలుగు మోతలు. ఐదోది నేర్పేలోగా కాలేజీ రోజుల్లోనే మాస్టారు ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఈ శిష్యుడి ధాటికే వెళ్ళాడని గిట్టనివాళ్ళు అంటారు. ఆ నాలుగింటినే అటూ ఇటూ తిప్పుతూ ఆయన ఇన్నేళ్ళుగా కళాకారుడిగా చలామణీ అవుతున్నాడు. ఇంకొకరి కూరలో వైవిధ్యం లేదని వంక పెట్టిన మనిషి ఈయనే.

ఇంతలో మూలిగే నక్క మీద తాటిపండు పడింది. ఆఫీసు స్టోరు రూములో వారం రోజులు గొంతెత్తి సాధన చేసేసరికి, సరిగ్గా పుట్టినరోజు ముందటి సాయంత్రం గొంతు పోయింది. "మూడు రోజులు నోరు తెరవకండి. గుసగుసలు కూడా వద్దు" అన్నాడు డాక్టరు. ఒక్క పాట పాడుకోవచ్చా అని సైగ చేస్తే, "పాడండి. ఆ తరవాత జన్మంతా సైగలే" అన్నాడు.

కనీసం వేళ్ళకైనా సాధన ఉండాలని పొద్దున్నే గిటారు పట్టుకుని బాత్రూములో దూరి, బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు. బాత్రూము కిటికీ అవతల గాలి కోసం కింది నుంచి పైదాకా వదిలిన సందు ఉందనీ, అందులో పడ్డ చప్పుడు అన్ని అంతస్తులకూ పాకుతుందనీ మరిచిపోయాడు. అలా గిటారు మోత ఊరేగింపుకు వెళ్ళింది. పాట మాత్రం ఆయన బుర్రలోనే ఉండిపోయింది.

మొదట నెమ్మదిగా వాయించాడు. కాసేపటికి తలుపు గంట మోగింది. కింది అంతస్తులో ఒంటరిగా ఉంటున్న హెడ్మాస్టారు, కళ్ళనిండా నీళ్ళతో.

"బాబూ, మా ఆవిడ పాట నీకెలా తెలుసయ్యా? అంట్లు తోముతూ ఇదే పాడేది. ఆవిడ పోయాక మళ్ళీ ఇవాళే విన్నాను."

గిటారాయన కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. అది సానుభూతి అనుకుని పెద్దాయన చేతులు రెండూ పట్టుకున్నాడు. "సాయంత్రం వస్తా నాయనా, ఇంకొక్కసారి వినిపించు" అని వెళ్ళిపోయాడు. అంతగా కన్నీళ్ళు తెప్పించానా అని మన కళాకారుడికి లోలోపల గర్వం కూడా కలిగింది. ఆ ఊపులో ఈసారి జోరుగా వాయించాడు.

ఈసారి గంట కాదు, తలుపే మోగింది. బిల్డింగు సెక్రటరీ. నీళ్ళ మోటారు తాళం ఆయన దగ్గరే ఉంటుంది. ఆ తాళం మీద పిల్లలు ఒక పాట కట్టి మెట్ల మీద పాడుకుంటూ ఉంటారు.

"పిల్లలకైతే బుద్ధి లేదు, మీకేం వచ్చిందండీ? నా మీద కట్టిన పాటను మళ్ళీ గిటారు మీద కూడానా?"

మాట్లాడే వీల్లేదు కనక గిటారాయన కాగితం తీసుకుని గబగబా రాసి ఇచ్చాడు. "నా చేతిలో ఉన్నవి నాలుగు కార్డులే. వాటితో ఎన్ని పాటలైనా పాడొచ్చు."

సెక్రటరీ చదివాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు.

"ఓహో! పేకాటా! పైగా వేలం పాటలు కూడానా! తలుపులేసుకుని బాత్రూములో పేకాట ఆడిస్తున్నారన్నమాట! సాయంత్రం వచ్చి ఇల్లంతా వెతుకుతాను, ఉండండి!"

ఆయన దిగిపోయాక గిటారాయనకు ఇంకో సంగతి వినిపించింది. కుట్టుమిషను ఆగిపోయింది. భార్య కత్తెర చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"పుట్టినరోజు నాది. పాట ఆ బస్సు పిల్లదా?"

మాట్లాడిందన్న సంతోషం ఆయనకు ఒక్క క్షణమే దక్కింది. కాలేజీ రోజుల్లో బస్టాపులో ఒక అమ్మాయి కోసం పాట కట్టిన సంగతి కొత్త కాపురంలో గొప్ప కోసం తనే చెప్పుకున్నాడు. పాడి మరీ వినిపించాడు. ఆడవాళ్ళు ఇలాంటివి మరిచిపోతారనుకోవడం మగవాళ్ళ అమాయకత్వం. కాగితం మీద రాశాడు: "కార్డులే అవి. పాట నీదే."

"కార్డులు కూడా ఇచ్చారా దానికి! ఇన్నేళ్ళలో నా పుట్టినరోజుకు ఒక్క కార్డు ముక్క ఇచ్చిన పాపాన పోయారా?"

ఆయన ఇంకో కాగితం లాగి, పెద్ద అక్షరాలతో రాశాడు: "అందరికీ అవే నాలుగు కార్డులు!"

"అందరికీనా!" అంది ఆవిడ. లోపల పెట్టె జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

సాయంత్రానికి ఆ ఇల్లు సంతలా తయారైంది. సెక్రటరీ మంచం కింద దూరి పేకముక్కలు వెతుకుతున్నాడు. హెడ్మాస్టారు ముందుగానే రుమాలు తీసి కుర్చీలో కూర్చున్నాడు. భార్య పెట్టెతో గుమ్మం దాకా వెళ్ళింది. ఇక రాసి లాభం లేదని గిటారాయన గిటారు తీసి మోగించాడు.

"ఇదే!" అన్నారు ముగ్గురూ ఒక్కసారే.

"ఇది మా ఆవిడ పాటండీ" అని హెడ్మాస్టారు కళ్ళు మూసుకుని అందుకున్నాడు. "మబ్బులన్నీ తొలగిపోయె, ముసుగు తీయవోయి సామీ..."

"మీ ఆవిడదేంటి మాస్టారూ, నన్ను తిట్టిన పాటయితే!" అని సెక్రటరీ రుజువు కోసం తన మీది పాటను తనే పాడాడు. "మోటారు మామా, తాళమేది మామా? ఒళ్ళంతా సబ్బుంది, నీళ్ళేవి మామా?"

"మీ ఇద్దరిదీ కాదు, ఇదిగో" అంటూ భార్య పెట్టె కింద పెట్టి గొంతెత్తింది. "నువ్వెక్కిన బస్సులో నా గుండెకో సీటుంది..."

మూడు పాటలూ ఒకేసారి నడిచాయి. హెడ్మాస్టారు ఒక్క "సామీ"ని రెండు కార్డుల పొడుగునా సాగదీస్తే, ఆ జాగాలోనే సెక్రటరీ తాళం, సబ్బు, నీళ్ళు అన్నీ కుక్కేశాడు. ఆవిడ బస్సు ఎక్కడ ఎక్కాలో అక్కడే ఎక్కింది. ఎవరి దారి వారిదే, అయినా ఎవరూ ఎవరినీ గుద్దుకోలేదు. ముందుగా ఆగింది భార్యే.

"ఆగండాగండి. ఈ నాలుగు మోతలనేనా కార్డులంటారు?"

గిటారాయన మెడ పట్టేసేలా తల ఊపాడు. మంచం కింద నుంచి సెక్రటరీ బూజుతో బయటికి వచ్చాడు.

"అవే నాలుగైతే మూడు పాటలు ఎలా అయ్యాయమ్మా?" అన్నాడు హెడ్మాస్టారు.

"ఒకే తానులోంచి చొక్కా కుట్టొచ్చు, దిండు గలీబూ కుట్టొచ్చు కదండీ. కత్తిరింపులోనే ఉంది కథంతా" అని ఆవిడ ఆగింది. తరవాత మొగుడివైపు తిరిగి, ఒక్కొక్క మాటే నొక్కి పలికింది. "ఉల్లిపాయ. టమాటా. ఉప్పు. కారం."

గిటారాయన తలవంచుకున్నాడు. ఆదివారం అన్న మాట అప్పుడు అరిగింది ఆయనకు.

"అసలు నువ్వు కట్టిన పాటేదయ్యా?" అన్నాడు హెడ్మాస్టారు, కాస్త జాలిగా.

డాక్టరును దేవుడికి వదిలేసి ఆయన నోరు తెరిచాడు. తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు బయటికి వచ్చింది పాట. "నలభై ఎనిమిది వసంతాల నా వెన్నెలా..."

బిల్డింగులో ఆవిడ చెప్పుకున్న వయసు నలభై. సెక్రటరీ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"చాలు, ఆపండి! దీనికన్నా ఆ బస్సు పాటే నయం" అంది ఆవిడ. అన్నదే కానీ నవ్వు ఆగలేదు. "దీని కోసమా గొంతు పోగొట్టుకున్నారు?" అంటుంటే కళ్ళు చెమర్చాయి కూడా. పెట్టెను వెనక్కి తెచ్చి, కాలితో మంచం కిందికి తోసేసి వంటింట్లోకి వెళ్ళింది.

భోజనాల దగ్గర కూర వడ్డించి, "ఎలా ఉంది?" అని అడిగింది.

డాక్టరు మాట్లాడొద్దన్నాడని ఆయన గొంతు చూపించాడు.