అచ్చం నిజంలాంటి ఇల్లు

శనివారం పొద్దున్నే ప్రశ్నావళికి ఊరు చూసి రమ్మని ఆజ్ఞ అయింది. ఆజ్ఞాపించింది ఆమెతో గది పంచుకుంటున్న అక్క. సొంత అక్క కాదు. ఈ పరాయి దేశానికి చదువు కోసం రెండేళ్లు ముందుగా వచ్చిన అధికారంతో అక్క అయింది. ప్రశ్నావళి కూడా అసలు పేరు కాదు. కనిపించిన ప్రతిదాన్నీ ఎందుకు, ఎలా, ఎప్పట్నుంచి అని అడిగే పిల్లకు తోటివాళ్లు పెట్టిన పేరు.

"ఇవాళ ఇల్లు చూడ్డానికి నేనొక్కదాన్నే వెళ్తా. నువ్వెక్కడికైనా తిరిగిరా," అంది అక్క కాఫీ కప్పు కడుగుతూ.

"ఎక్కడక్కా ఇల్లు?"

"చెప్పను. చెప్తే వస్తావు. పోయినసారి ఏం చేశావు? ఇంటాయన బాత్రూం చూపిస్తుంటే, ముందున్నవాళ్లు ఎందుకు ఖాళీ చేశారని అడిగావు."

"అడక్కూడదా?"

"అడిగావుగా! తలుపేసుకున్నాడుగా!"

అక్క కోపంలో న్యాయముంది. నాలుగు రోజుల్లో ఈ గది ఖాళీ చేయాలి. విద్యార్థులంటే ఇల్లిచ్చేవాళ్లు లేరు. మూడు వారాలు తిరిగితే చెప్పులరిగాయి గానీ తాళంచెవి చేతికి రాలేదు. ఇవాళ్టిది కూడా తప్పిపోతే బుధవారం నుంచి ఇద్దరూ పెట్టెలతో సహా రోడ్డు మీదే.

"పోనీ ఆ మ్యూజియం చూసిరా. పాతకాలంలో మామూలు మనుషులు ఎలా బతికారో చూపించడానికి ఒక ఇంటిని ఉన్నదున్నట్టు ఉంచారట," అంది అక్క. ఆ మ్యూజియం సంగతి తన బుర్రలోకి ఎలా వచ్చిందో ఆమెకు గుర్తులేదు. ఇవాళ చూడబోయే ఇంటి ప్రకటనలో "మ్యూజియం పక్కనే" అని ఉంది. అందులోంచి వచ్చింది.

ప్రశ్నావళి రైలు దిగి ఆ వీధి పట్టుకునేసరికి పదకొండయింది. వీధిలో ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. ఒక గుమ్మం ముందు మాత్రం పదిమంది వరుసలో నిలబడ్డారు. పదిమంది నిలబడ్డచోట చూడదగ్గది ఏదో ఉంటుందని ఆమె నమ్మకం. తనూ నిలబడింది. టై కట్టుకున్న ఒకాయన బూట్ల మీద తొడుక్కోమని ప్లాస్టిక్ సంచులిచ్చాడు. ఎంత శుభ్రం పాటిస్తున్నారో అని ఆమెకు ముచ్చటేసింది.

"టిక్కెట్టెంతండీ?"

"చూడ్డానికి టిక్కెట్టేంటండీ? రండి, రండి," అన్నాడాయన. ఆయన ఇళ్ల ఏజెంటు.

లోపల ప్రశ్నావళికి రెండు కళ్లూ చాలలేదు. ఇనుప కాళ్ల పొయ్యి, గొలుసు లాగితే నీళ్లొచ్చే మరుగుదొడ్డి, గోడలనిండా నీలిపూల కాగితం. కిటికీ కింద నల్లటి మరక చూసి ఆమె మోకాళ్ల మీద కూర్చుంది.

"ఈ బూజు ఎలా తయారుచేశారండీ? అచ్చం నిజంలాగే ఉంది!"

ఏజెంటు గబుక్కున కర్టెన్ లాగాడు. వెనకున్న కొత్త దంపతులు ఆ కర్టెన్ పక్కకు తీసి చూశారు. తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్లిపోయారు.

"కుళాయి మోత కూడా పెట్టారే! ఆపాలంటే ఎక్కడ నొక్కాలి?"

"అది ఆగదండీ," అనేశాడు ఏజెంటు, చెమట తుడుచుకునే హడావిడిలో. ఇంకో నలుగురు బయటికి నడిచారు.

అప్పుడు కనిపించింది, వంటింటి గుమ్మంలో కొయ్యబారిపోయిన అక్క.

"అక్కా! నువ్వూ ఇక్కడికే వచ్చావా!"

ఆ పిలుపు తనకు కానట్టు, వెనక ఎవరైనా ఉన్నారేమోనని అక్క తిరిగి చూసింది. భాష తెలియకపోయినా ఆప్యాయత అర్థమైన ఏజెంటు, "ఈ అమ్మాయి మీ మనిషా?" అని అడిగాడు.

"ఎవరో నాకు తెలీదండీ," అంది అక్క. నాలుగు గోడల కోసం ఒక చెల్లెల్ని వదులుకుంది పాపం.

అక్కకు ఇవాళ ఏమైందా అనుకుంటూ ప్రశ్నావళి వెనకగదిలోకి వెళ్లింది. అక్కడ కుర్చీలో, ఒళ్లో ఊలు ఉండతో, కదలకుండా ఒక ముసలావిడ. మైనపు బొమ్మలు కూడా పెట్టారన్నమాట! వంగి దగ్గరగా చూసింది.

"ముడతలు ఎంత ఓపిగ్గా చెక్కారో! ముక్కే కాస్త పెద్దదైంది."

"మా నాన్న ముక్కు," అంది బొమ్మ.

ప్రశ్నావళి కెవ్వుమంది. బూటు సంచి జర్రున జారింది. పడిపోతూ గోడ పట్టుకుంటే నీలిపూల కాగితం బారెడు చిరిగి చేతికొచ్చింది. ఆ కేకకు మిగిలినవాళ్లు కూడా వీధిలోకి పరిగెత్తారు.

"ఇంటావిడండీ ఆవిడ! ఇది అద్దె ఇల్లు! మ్యూజియం ఆ పక్క గుమ్మంలో!" అని అరిచాడు ఏజెంటు. ప్రశ్నావళికి ఏడుపొచ్చింది. గుమ్మం దగ్గర అక్కకు ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఉన్న ఒక్క ఇల్లూ పోయింది.

"తప్పయిపోయిందండీ," అంటూ కాగితం అతికించబోయిన ప్రశ్నావళి మధ్యలో ఆగింది. కళ్లు తుడుచుకుని గోడకు ముక్కు ఆనించింది. "దీని కింద ఎర్రపూలది ఇంకోటుందే! ఇదెప్పటిదండీ?"

ముసలావిడ కుర్చీలోంచి లేచింది. "నా పెళ్లయిన కొత్తలోది. మా ఆయనా నేనూ అతికించాం. ఈ మూలన వంకర చూశావా? ఇద్దరం పోట్లాడుకున్నాం ఇక్కడే."

"ఎందుకు?"

అది చెప్పడానికి ఆవిడకు అరగంట పట్టింది. చెప్పడం అయ్యాక ఏజెంటు వైపు తిరిగింది. "నెల రోజుల్లో వచ్చినవాళ్లందరూ గదుల కొలతలు అడిగారు. ఇంటి సంగతి అడిగింది ఈ పిల్లే. పైగా బూజును మెచ్చుకుంది, రేపు ఫిర్యాదు కూడా చెయ్యదు. తాళాలు ఈమెకే ఇవ్వు."

"మేం ఇద్దరమండీ, నేనూ మా అక్కా," అంది ప్రశ్నావళి గుమ్మం వైపు చూపిస్తూ.

"ఆవిడ నువ్వెవరో తెలీదందే!" అన్నాడు ఏజెంటు.

"ఇప్పుడే గుర్తొచ్చిందండీ," అంది అక్క.

ఆదివారం పెట్టెలు చేరవేశాక ఇద్దరూ పక్క గుమ్మంలో అసలు మ్యూజియం చూశారు. బయటికి వచ్చేముందు అక్కడి అభిప్రాయాల పుస్తకంలో ప్రశ్నావళి ఇలా రాసింది: "గోడకు బూజు లేదు, కుళాయి మోగడం లేదు. ఇక్కడ మనుషులు బతికారంటే నమ్మబుద్ధి కావడం లేదు."