కోటిలింగానికి థర్మల్ దొరికింది

"గుణదల పద్మనిలయం అపార్ట్‌మెంటు వాసులకు తెలియజేయడమేమనగా, మన 302 ఫ్లాటు శ్రీ కోటిలింగం గారికి థర్మల్ దొరికిన శుభసందర్భమున, ఈరోజు సాయంత్రం ఆరు గంటలకు సెల్లారునందు వారికి ఘనసన్మానం జరుగును. కార్లు ముందుగానే బయట పెట్టుకొనవలెను. టిఫిను కలదు. ఇట్లు, అధ్యక్షులు."

ఈ నోటీసు లిఫ్టు తలుపు మీదికి ఎక్కేసరికి ఆదివారం మధ్యాహ్నం మూడు. సన్మానం పొందబోయే పెద్దమనిషి ఆ సమయానికి ఉయ్యూరు అవతల ఒక చేనుగట్టు మీద కూర్చుని, సీసాలో మజ్జిగ తాగుతూ, తనలో తాను నవ్వుకుంటున్నాడు. తనకు సన్మానమన్న సంగతి అతనికి తెలియదు. తెలిసి తీరాలని ఎక్కడా రూలు కూడా లేదు.

విజయవాడ పాఠకులకు థర్మల్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. బయటివారి కోసం చెప్పాలి. ఇబ్రహీంపట్నం వైపు వెళ్తే పెద్ద పెద్ద పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే థర్మల్. అక్కడ బొగ్గు మండించి కరెంటు తయారుచేస్తారని పిల్లల పుస్తకాల్లో ఉంటుంది. పెద్దలకు మాత్రం అది ఉద్యోగం దొరికే చోటు, కాంట్రాక్టు దొరికే చోటు, ఆ రెండూ దొరకనివాడికి ఇటుకల పనికి బూడిదైనా దొరికే చోటు. ఫలానావాడికి థర్మల్‌లో దొరికిందిట అంటే, ఏం దొరికిందని ఎవరూ అడగరు. ఏదో ఒకటి దొరికింది, అది చాలు.

కోటిలింగానికి దొరికిన థర్మల్ వేరు. ఎండకు నేల కాగి, ఆ నేల మీది గాలి వేడెక్కి పైకి లేస్తుంది. కంటికి కనపడని ఆ వేడిగాలిని ఇంగ్లీషువాళ్ళు థర్మల్ అన్నారు. గద్ద రెక్క కొట్టకుండా గిరికీలు తిరుగుతూ పైపైకి పోయేది అందులోనే. గ్లైడరనే ఇంజను లేని బొమ్మ విమానం కూడా అందులో పడిందంటే పైకి పోతుంది. ఆ ఇంగ్లీషువాళ్ళు పేరు పెట్టేముందు ఒక్కసారి మా ఊరొచ్చి కనుక్కుని ఉంటే ఈ కథ రాయవలసిన అవసరం వచ్చేది కాదు.

కోటిలింగానికి నలభై ఏడేళ్ళు. పెడన చేనేత కుటుంబం. వన్ టౌన్‌లో లుంగీలు, తువ్వాళ్ళ హోల్‌సేలు కొట్టు. మనిషి నెమ్మది. బేరంలో కూడా అబద్ధమాడడు, అందుకే కొట్టు ఇంకా చిన్నదిగానే ఉంది. మూడేళ్ళ కిందట ఇతనికి గ్లైడర్ల పిచ్చి పట్టుకుంది. డైనింగ్ టేబుల్ మీద బెండులా తేలికైన బాల్సా చెక్కను సన్నసన్నగా కోసి, అతికించి, రెండు మీటర్ల రెక్క కట్టాడు. తోక తిప్పడానికి అగ్గిపెట్టెలో పట్టే మోటార్లు రెండు, చేతిలో రిమోటు. ముందుకు నడిపే ఇంజను మాత్రం లేదు. రెక్కకు ప్లాస్టిక్ పొర తొడగాలని యూట్యూబు చెప్పింది. కోటిలింగం ఆ మాట వినకుండా అత్తగారు భద్రమ్మ దగ్గరికి వెళ్ళాడు.

భద్రమ్మకు డెబ్బై రెండేళ్ళు. నలభై ఏళ్ళు మగ్గం మీద కూర్చుని, చూపు తగ్గాక కూతురింటికి వచ్చింది. ట్రంకుపెట్టె అడుగు నుంచి తను నేసిన నూటిరవై కౌంటు సన్ననూలు గుడ్డ ముక్క తీసి, గంజి కాచి, రెక్కకు తనే కుంచెతో పట్టించింది. ఆరాక వేలితో కొడితే డప్పులా మోగింది. "పడుగుకి పెట్టినట్టే పెట్టాను అల్లుడూ, పోగు జారదు" అంది. దీనివల్ల ఉపయోగం ఏమిటని ఆవిడ అడగలేదు. విజయవాడ మొత్తం మీద అడగనిది ఆవిడొక్కతే.

మిగతావాళ్ళు అడిగారు. మైలేజీ ఎంతన్నారు. ఇంజనే లేదంటే, పాపం అంతవరకు చేతగాలేదు కాబోలని జాలిపడ్డారు. పెళ్ళి వీడియోలు తీస్తుందా అన్నారు, పైరుకి మందు కొడుతుందా అన్నారు. ఏమీ చెయ్యదు, ఎగురుతుంది అంతే అని చెబితే, ఇంట్లో అంతా బాగానే ఉన్నారా అని మెల్లగా కనుక్కున్నారు. బావమరిది ధనుంజయ్ మరీ బాధపడిపోయాడు. "కనీసం పేకాటైనా నేర్చుకో బావా, నలుగురితో పరిచయాలైనా అవుతాయి" అన్నాడు. మేలు కోరేవాళ్ళు చుట్టూ ఉండటం అదృష్టం.

ఎగరేయడానికి చోటు కావాలి. గన్నవరం వైపు అసలు విమానాలు తిరుగుతాయి కాబట్టి అక్కడ కుదరదు. చెరుకూ అరటీ ఉన్నచోట నేల కాగదు. మూడు వేసవులు డెల్టా అంతా తిరిగి తిరిగి, చివరికి ఉయ్యూరు అవతల నాలుగెకరాల చేను పట్టాడు. మినుము పీకేశాక నల్లరేగడి బోడిగా మిగిలి పెనంలా కాగుతుంది. చుట్టూ చెరుకు, ఎక్కడా కరెంటు తీగ లేదు. ఇలాంటి చేను జిల్లాలో రెండోది లేదు. అది పద్మనిలయం అధ్యక్షులు తిరుపతిరావు గారిది.

తిరుపతిరావు గారు ఎనిమిదేళ్ళుగా ఏకగ్రీవంగా అధ్యక్షులు. ఎవరికైనా పోటీ చేద్దామన్న ఆలోచన వచ్చిన వారం, ఎందుకో గాని వాళ్ళ ఫ్లాటుకు నీళ్ళు రావు. ఉపయోగం లేని వస్తువును ఆయన కన్నెత్తి చూడరు. నెల రోజులు ఓపిక పట్టి, చివరికి కోటిలింగాన్ని పిలిచారు. "చూస్తూనే ఉన్నానండీ. దానివల్ల మీకు లాభం లేదు, నాకు లాభం లేదు, చేనుకీ లాభం లేదు. ఈ ఆదివారంతో ఆపేయండి" అన్నారు. కోటిలింగం సరేనండీ అన్నాడు గాని, ఆ రాత్రి అన్నం సహించలేదు. మూడేళ్ళలో అతని గ్లైడరు రెండు నిమిషాలకు మించి గాలిలో నిలబడలేదు మరి.

ఆ ఆఖరి ఆదివారం పదకొండున్నరకు గట్టున మేకు దిగ్గొట్టి, రబ్బరు ట్యూబును ఉండేలులా సాగదీసి, గ్లైడరును వదిలాడు. చెరుకు తోట వారన ఒక గద్ద గుండ్రంగా తిరుగుతోంది. గ్లైడరును దాని కిందికి మళ్ళించాడు. రెక్క కొస చిన్నగా అదిరింది. తర్వాత అది దిగడం మానేసింది. గద్దది ఒక చుట్టు, గ్లైడరుది ఒక చుట్టు, అలా ఇరవై రెండు నిమిషాలు. కోటిలింగానికి మెడ పట్టేసింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన పెళ్ళిలో కూడా ఇంత సంతోషం కలగలేదనుకున్నాడు. భార్యకు ఫోను చేసినప్పుడు ఆ మాట చెప్పకుండా జాగ్రత్తపడ్డాడు. చెప్పింది నాలుగు ముక్కలే. "ధనా, థర్మల్ దొరికింది, ఇన్నాళ్ళకి."

ధనశ్రీ అప్పుడు డాబా మీద తిరుపతిరావు గారి భార్య కనకలక్ష్మితో కలిసి వడియాలు పెడుతోంది. మొగుడు రోజూ థర్మల్ కోసం చూస్తున్నానంటుంటే ఆవిడ మూడేళ్ళుగా అదేదో టెండరు అనుకుంటోంది. "మా ఆయనకి థర్మల్ దొరికిందటండీ" అని మెల్లగానే అంది. మూడో అంతస్తుకు వచ్చేసరికి అది యూనిఫారాల కాంట్రాక్టు అయింది. రెండో అంతస్తులో తువ్వాళ్ళు కూడా కలిశాయి. కిందికి దిగేసరికి, 302 వాళ్ళకు క్వార్టర్సు కూడా ఇచ్చారని వాచ్‌మన్ జీవరత్నం ఎదురింటివాళ్ళకు చెబుతున్నాడు.

సన్మానం ఘనంగా జరిగింది. కప్పిన శాలువా, పోయిన ఏడాది కోటిలింగం అసోసియేషనుకు కానుకగా ఇచ్చినదే. తిరుపతిరావు గారు మైకు పుచ్చుకున్నారు. "ఇన్నాళ్ళూ వీరు ఆ బొమ్మ పట్టుకుని మా చేలో తిరుగుతుంటే మనం నవ్వుకున్నాం. అది పైకి కనిపించే పని. ఆ చాటున ఎవరిని కలిశారో, ఏ ఫైలు కదిపారో మనలో ఒక్కరికైనా తెలిసిందా? ఇదీ కృషి అంటే. యువత దీన్ని గమనించాలి." యువత బోండాల కోసం వరసలో నిలబడి గమనించింది.

కోటిలింగం లేచి ఉన్నదున్నట్టు చెప్పాడు. "నాకు దొరికింది కాంట్రాక్టు కాదండీ. వేడిగాలి." అందరూ మనసారా చప్పట్లు కొట్టారు. బాయిలరు పక్కన వేడిగాలి కాక చల్లగాలి ఉంటుందా అన్నాడు ఒకాయన. "నిజమండీ, ఇరవై రెండు నిమిషాలు పైన ఉంది" అన్నాడు కోటిలింగం. పైవాళ్ళ దగ్గర ఇరవై రెండు నిమిషాలంటే మాటలు కాదని మరొకాయన మెచ్చుకున్నాడు. దారి ఎవరు చూపించారని అడిగితే, "గద్దండీ" అన్నాడు. దాంతో సెల్లారంతా గౌరవంగా నిశ్శబ్దమైంది. పెద్దవాళ్ళ పేర్లు సభలో బయటపెట్టకూడదని తెలిసిన మనిషి అనుకున్నారు.

తర్వాత ఒక్కొక్కరే పక్కకు తీసుకెళ్ళారు. జీవరత్నానికి అల్లుడికి పోస్టు కావాలి. పేకాట సలహా ఇచ్చిన ధనుంజయ్‌కి రెండు లారీల బూడిద కావాలి. తిరుపతిరావు గారు భుజం మీద చెయ్యి వేశారు. "చేను మీదే అనుకోండి కోటిలింగం గారూ. ఏడాది పొడుగునా ఎగరేసుకోండి. మా అబ్బాయి సంగతి మాత్రం ఒక కంట కనిపెట్టండి."

అవునండీ అంటే చాలు, జిల్లాలో రెండోది లేని ఆ చేను అతనిదే. కోటిలింగం నోరు అంతదాకా వెళ్ళి ఆగిపోయింది. అబద్ధమాడలేక కొంత. అసలు బాధ వేరే. ఇంతమంది పొగిడారు గాని, ఆ ఇరవై రెండు నిమిషాలను చూసినవాడు ఒక్కడూ లేడు. "వచ్చే ఆదివారం అందరూ చేలోకి రండి. థర్మల్ అంటే ఏమిటో కళ్ళారా చూపిస్తాను" అన్నాడు.

అంటే ఆఫీసర్లే చేలోకి వస్తున్నారని జనం అర్థం చేసుకున్నారు. ఆదివారానికి పదకొండు కార్లు వచ్చాయి. షామియానా వేశారు. ప్రతి చేతిలోనూ ఒక ఫైలు, అందులో పాస్‌పోర్టు సైజు ఫోటోలు. కోటిలింగం గ్లైడరు వదిలాడు. పోయిన వారపు గద్ద ఈసారి కనపడలేదు గాని, చేను మధ్య ఎండుటాకులు సుడి తిరుగుతూ లేచాయి. అక్కడికి పోనిచ్చాడు. అది లేచింది, లేస్తూనే ఉంది.

నలభై ఒక్క నిమిషాలు. ఆ నలభై ఒక్క నిమిషాలూ పదకొండు కార్ల జనం రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు. "ఎప్పుడొస్తారండీ?" అని తిరుపతిరావు గారు అడిగారు. "వచ్చేసిందండీ. పైన ఉంది చూడండి" అన్నాడు కోటిలింగం. "పైవాళ్ళు పైనే ఉంటార్లెండి. కిందికెప్పుడొస్తారని" అన్నారాయన, రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా.

ప్లాస్టిక్ కుర్చీలో భద్రమ్మ ఒక్కతే తల ఎత్తి, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అది నా గుడ్డే కదా అల్లుడూ?"

"అవునత్తయ్యా."

"వెలుతురు దిగుతోంది దాంట్లోంచి." ఆవిడ చాలాసేపు అలాగే చూసింది. "నలభై ఏళ్ళు నేశాను. నేసిందంతా నేల మీదే తిరిగింది."

తల్లి ఏం చూస్తోందోనని ధనశ్రీ కూడా తలెత్తింది. చూసి, మొగుడి పక్కకు వచ్చి నిలబడింది.

గ్లైడరు దిగాక కోటిలింగం గొంతు సవరించుకున్నాడు. "ఇదేనండీ థర్మల్. కాంట్రాక్టు లేదు, పోస్టులు లేవు, బూడిద లేదు. ఈ నేల కాగితే లేచే గాలి, అంతే." ఫైళ్ళు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ధనుంజయ్ కారు తాళాలు వెతుక్కున్నాడు. తిరుపతిరావు గారు మాత్రం గడ్డం నిమురుకుంటూ ఆలోచనలో పడ్డారు.

"అంటే, మా చేలో థర్మల్ ఉందంటారు."

"ఉందండీ."

"గట్టిదేనా?"

"ఇంత గట్టిది జిల్లాలో ఇంకెక్కడా లేదండీ."

"ఏదీ, అదే మాట ఇటు చూసి మరోసారి చెప్పండి" అని ఆయన ఫోను కెమెరా తెరిచారు. చేను తనకు దక్కుతుందేమోనన్న ఆశతో, అబద్ధం తెలియని కోటిలింగం స్పష్టంగా, ఊరూ పేరూ కలిపి చెప్పాడు.

పదిహేను రోజుల్లో చేనుగట్టు మీద బోర్డు లేచింది. 'థర్మల్ వ్యూ గార్డెన్స్. జిల్లాలో మరెక్కడా లేని థర్మల్ మీ ప్లాటులోనే.' వన్ టౌన్‌లో పేరున్న, నోట అబద్ధం రాని వ్యాపారి సాక్ష్యం వీడియోలో ఉంది కాబట్టి ఎవరూ ఇంకేమీ అడగలేదు. ప్లాట్లన్నీ వారంలో అయిపోయాయి. మొదట కొన్నది ధనుంజయ్. నేలంతా హద్దురాళ్ళు పాతారు, వాటి మధ్య గ్లైడరు కాదు గదా గద్ద దిగాలన్నా ఆలోచించుకోవాలి. తిరుపతిరావు గారు కృతజ్ఞత తెలిసిన మనిషి. ముప్ఫై అడుగుల రోడ్డుకు కోటిలింగం ఎవెన్యూ అని పేరు పెట్టించారు.

ఇప్పుడు కోటిలింగం ఆదివారాలు భార్యనూ అత్తగారినీ వెంటబెట్టుకుని ఇంకో చోటికి పోతున్నాడు. సాయంత్రం లిఫ్టులో ఎవరైనా, ఏమైనా దొరికిందా అండీ అని అడిగితే, "ఏమీ లేదండీ" అంటాడు. నలభై ఏడేళ్ళకు అతను నేర్చుకున్న మొదటి అబద్ధం అది. ఈసారి పెద్దదేదో దొరికే ఉంటుందని పద్మనిలయంలో అనుకుంటున్నారు.

ఆ కొత్త చేను ఎక్కడుందో ఈ కథ రాసినవాడికి తెలుసు. మీకు మాత్రం చెప్పడు. నలభై ఒక్క నిమిషాలు అని చదివినప్పుడు మీరు ఆగలేదు. ప్లాట్లన్నీ వారంలో అయిపోయాయన్న చోట ఆగి, గజం ఎంత పలికిందో రాయలేదేమిటా అనుకున్నారు.