శునకద్వయ సమేత గుట్టారోహణము

వినుడు, సోఫాసనాసీనులారా! ఆదివారమను సుదినమున, పాలప్యాకెట్లు గుమ్మములు చేరి పేపరింకను చేరని ప్రభాతవేళ, ఇంటి వెనుక సందు దాటగానే తల ఎత్తి నిలిచిన గుట్టను జయింపగోరి, కళ్ళద్దాల దుకాణాధీశ్వరుడు, చత్వారహరుడు, సహస్రనేత్రోపకారి, కుడిచేత దొర యను వృద్ధస్థూలశునకమును, ఎడమచేత చిట్టి యను చపలశునీరత్నమును తాళ్ళతో పట్టి గడప దాటెను.

ఏల అతడే వెడలవలసి వచ్చెననగా, అనుదినము ఆ శునకములను త్రిప్పెడి ఇల్లాలికి చీలమండ బెణికెను. దొర ఆమె మాట తప్ప వినడు. మన వీరుడెంత పిలిచినను చెవియైన కదల్పక, మీటరు చూడవచ్చిన కరెంటువానిని చూచినట్లు చూచును. ఒక్కమారు, ఒక్కటంటే ఒక్కమారు, తన పిలుపునకు దొర రావలెనని అతని చిరకాలవాంఛ. పైకి చెప్పుకొనుటకు నామోషీ, చెప్పుకొనకున్న మనసున ఒకటే గుబులు.

"వాడు మొండికేస్తే గొడవ పడకండి, నాకు ఫోన్ చెయ్యండి," అని మంచము మీదనుండి ఆమె పలికెను.

"కుక్కని నడిపించడం కూడా నువ్వే నేర్పాలా? కాలు కదపకుండా పడుకో," అని వీరుడు గర్జించెను.

మొదటి మలుపున చిట్టి తొండను గాంచి, అటు దూకి, ఇటు దూకి, వీరుని మోకాళ్ళ చుట్టు తాటితో పద్మవ్యూహము పన్నెను. ప్రవేశమే గాని నిర్గమమెరుగని ఆ మహాయోధుడు చెప్పులు విడిచి, ఒంటికాలిపై గెంతి ఎట్టకేలకు బయటపడెను. అంతలో రెండవ మలుపున, శిఖరము కూతవేటు దూరమున నుండగా, దొర నేలపై సాంతము వాలి కన్నులు మూసికొనెను.

"ఓరీ మందగమనా! శ్వానకులతిలకా! శిఖరము చేరువనుండ శయనింతువా? లెమ్ము, నీ పూర్వుల వృకపరాక్రమమును తలంపుము!" అని ఉద్బోధింపదలచెనే గాని, ఆయాసమున అతని నోట వెడలినది ఇంతియే:

"రారా బాబూ... నీకు దణ్ణం పెడతా."

దొర తోకయైన ఆడింపలేదు. గుట్ట దిగుచున్న ఒక పెద్దావిడ జాలిపడి, "ఎత్తుకోండి నాయనా, పాపం!" అనెను. ఆ పాపమెవరిపైనో ఆమె చెప్పలేదు.

గత్యంతరము లేక అభిమానధనుడు అభిమానమును మ్రింగి, దొర తాటిని కాలిక్రింద అదిమి, ఫోను తీసి స్పీకరు పెట్టెను.

"దొరా! నా బంగారూ! రా నాన్నా, రా!" అని ఇల్లాలి గళము మ్రోగెను.

దొర దిగ్గున లేచెను. ఆమె రమ్మనెను గదా! ఆమె యున్నది ఇంట గదా! ఆ స్థూలకాయుడు తాటిని విదిల్చికొని, బాణమువలె ఇంటిదిక్కునకు దూకెను. వెంట చిట్టి, చిట్టి వెంట వీరుడు, వీరుని వెంట గులకరాళ్ళు. కాలు జారి, చతికిలబడి, మోచేయి గీరుకొనిపోగా, భయవిహ్వలుడై అతడరచెను:

"దొరా! రోడ్డు మీదికెళ్ళకురా! ఆగరా!"

మలుపు కడ దొర ఆగెను. వెనుదిరిగి చూచెను. క్రింద ఇల్లు, పైన వీరుడు. ఒకింత తటపటాయించి, రొప్పుచు, ఎక్కనని మొరాయించిన గుట్టనే మరల ఎక్కి వచ్చి, అతని మోచేతిని వాసన చూచి, ప్రక్కనే కూర్చుండెను.

"ఏమైందండీ? పడ్డారా?" అని ఫోను ఘోషించెను.

"దొర వచ్చాడే!"

"ఎక్కడికి?"

"నా దగ్గరికి. నేను పిలిస్తే!" అనుచు వీరుడు అద్దములు తీసి కన్నులు తుడుచుకొనెను.

జయము! జయము! శిఖరము అజేయముగనే మిగిలెను, ప్యాంటు చినిగెను, చిట్టి మరియొక తొండను చూచెను. అయినను దిక్కులన్నియు ఆలకించుగాక: అతడు పిలిచెను, కుక్క వచ్చెను.