ఖాళీ స్థలంలో పన్నెండు ఇళ్ళు

“మహాజనులారా! యుగానికొక్కడు పుట్టే నాయకుడు మన మంత్రిగారు. వారి చల్లని చూపు ఇవాళ మన వెనక సందు మీద పడింది. మన పిల్లల కోసం మూడంతస్తుల బడి వస్తోంది. చప్పట్లు కొట్టండి!”

ఆటోలోంచి ఇలా అరిచినవాణ్ణి ఊళ్ళో అందరూ ‘మైకు’ అంటారు. పార్టీలో పదిహేనేళ్ళ సర్వీసు. మంత్రిగారు దగ్గినా అందులో ఏదో పథకం ఉండే ఉంటుందని నమ్మే మనిషి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మైకుది మంచి నోరో కాదో ఎవరూ తేల్చలేదు. పెద్ద నోరు మాత్రం ఖాయం.

వెనక సందులో పన్నెండు ఇళ్ళు. నాలుగోది మైకుదే. నిజం చెప్పాలంటే వాళ్ళమ్మది. ముందుగదిలో బల్ల వేసుకుని నలభై ఏళ్ళుగా ఊరివాళ్ళ బట్టలు ఇస్త్రీ చేసి, ఒక్కో గోడా లేపుకుంది మహాతల్లి.

“ఒరేయ్, బడి ఎక్కడ కడతార్రా? చెయ్యి చాపితే ఎదురింటి కిటికీ తగులుతుంది ఈ సందులో.”

“అందుకే ముందు ఇళ్ళు తీసేస్తారమ్మా. అందరికీ కొత్త ఇళ్ళిస్తామని మంత్రిగారు మాటిచ్చారు.”

“కాగితం ఇచ్చాడా?”

“ఆయన మాట ముందు కాగితమెంత!” అన్నాడు మైకు. పాపం, నిజంగానే నమ్మాడు.

మర్నాడు ఆఫీసరుగారు దిగారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయించడమే కాదు, దానికి పేరు కూడా పెట్టించగల సమర్థులు. ఇస్త్రీ బల్ల మీద ఫైలు పరిచి నిట్టూర్చారు.

“చిక్కొచ్చి పడిందయ్యా. ఇళ్ళున్నచోట బడి కట్టాలంటే విచారణలూ, అభ్యంతరాలూ, మూడేళ్ళు. ఖాళీ స్థలమైతే మూడు రోజులు. మంత్రిగారేమో గురువారం శంకుస్థాపన అనేశారు.”

“మరెలాగండీ?”

“ఏముంది, ఖాళీ స్థలమని రాసేస్తే పోలా! ఇక్కడెవరూ కాపురం ఉండటం లేదని స్థానిక నివాసి ఒకరు సంతకం పెట్టాలి.”

“ఇక్కడ ఉండేవాడే పెట్టాలాండీ?”

“మరి? ఇక్కడెవరూ ఉండరని బయటివాడికేం తెలుస్తుంది?”

ఆ తెలివికి మైకు మురిసిపోయాడు. సంతకం పెట్టి, చిరునామా దగ్గర ‘ఇంటి నంబరు నాలుగు, వెనక సందు’ అని గుండ్రంగా రాశాడు. ఆఫీసరుగారు ‘జనసంచారం లేదు’ అని రాసుకుని, వాళ్ళమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు ఆవిడ చేతికే ఇచ్చి వెళ్ళారు.

గురువారం బుల్డోజరు వచ్చింది. “ఈ సందువాసుల త్యాగం చరిత్రలో నిలిచిపోతుంది!” అన్నారు మంత్రిగారు. మైకు మొదటి మూడిళ్ళకీ చప్పట్లు కొట్టించాడు. నాలుగో ఇంటి గోడ కూలేసరికి వాడికి చేతులాడలేదు. వాళ్ళమ్మ ఏడవలేదు, తిట్టలేదు. బల్లా, ఇస్త్రీపెట్టే రిక్షాలో పెట్టించుకుని, ఆ రోజు నుంచీ కొడుకుతో మాట్లాడటం మానేసింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు మైకు.

పదకొండు కుటుంబాలు చుట్టాల ఊళ్ళు పట్టుకు పోయాయి. తల్లీ కొడుకులు పార్టీ ఆఫీసు వెనక వరండాలో చేరారు. నెల తర్వాత మైకు ఆఫీసరుగారి గుమ్మం ఎక్కాడు.

“మా కొత్త ఇళ్ళ సంగతండీ...”

“ఏ ఇళ్ళకి బదులు?”

“వెనక సందులోవండీ. మీరు మా ఇంట్లో నీళ్ళు కూడా తాగారు.”

“తాగానేమో. కానీ ఫైల్లో అక్కడ ఇళ్ళే లేవు కదయ్యా. సాక్షి ఎవరో చూడు.”

చూశాడు. తన చేతిరాత ఇంత బాగుంటుందని మైకుకి అప్పుడే తెలిసింది.

లబోదిబోమంటూ మంత్రిగారి దగ్గరికి పరిగెత్తాడు. ఆయన పత్రికలవాళ్ళ ముందే వాడి భుజం తట్టారు. “ఇల్లూ లేదు, వాకిలీ లేదు. అసలైన కార్యకర్తవంటే నువ్వేనోయ్!” ఫొటో కూడా బాగా వచ్చింది.

ఆరు నెలలకి పైనుంచి ఉత్తరం వచ్చింది. జనసంచారమే లేని చోట పిల్లలుండరు, పిల్లలు లేని చోట బడి అక్కర్లేదు, కాబట్టి బడి రద్దు. ఇంకెవరైనా అయితే తల పట్టుకునేవారు. ఆఫీసరుగారు మాత్రం ఆ సందులో సర్వే చేయించి, బడికి వెళ్ళని పిల్లలు అక్కడ ఒక్కరంటే ఒక్కరు లేరని తేల్చారు. ఊరు ఊరంతటికీ అలాంటి సందు అదొక్కటే. ఆ సందుకి అవార్డు వచ్చేసింది.

సభ ఆ స్థలంలోనే పెట్టారు. తల్లుల తరఫున మంత్రిగారికి దండ వేయడానికి ఒక స్థానిక మాతృమూర్తి కావాలన్నారు. వెతికితే దొరికింది మైకు వాళ్ళమ్మ ఒక్కతే. వేదిక కట్టే తీరిక లేక నేల మీదే తివాచీ పరిచారు. సౌండు బాక్సుల దగ్గర మైకు తల దించుకుని కూర్చున్నాడు.

ఆవిడ దండ వేసింది. “అమ్మా, జనానికి రెండు ముక్కలు చెప్పండి. మొహమాటపడకండి,” అన్నారు మంత్రిగారు.

ఆవిడ స్టాండుకున్న మైకు ముందుకొచ్చి, ఆయన కాళ్ళకేసి చూసింది. “పక్కకి జరుగు నాయనా, పొయ్యి మీద నుంచున్నావు.”

మంత్రిగారు ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశారు.

“అది మావాడు పుట్టిన గది.”

ఆయన ఎడమకి జరిగారు.

“అయ్యో, అది పక్కింటి టైలరు పడగ్గది. వాళ్ళావిడ ఊరుకోదు.”

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. మంత్రిగారు గబగబా ముందుకొచ్చారు.

“ఇటొద్దు, ఇటొద్దు! ఎదురింటాయన స్నానం చేసే చోటు!”

సభంతా గొల్లున నవ్వింది. ఆఫీసరుగారు చేతులూపుతూ, “కట్టెయ్! కట్టెయ్!” అని మైకు మీద పడ్డారు. పదిహేనేళ్ళుగా ఎవరు చెప్పినా విన్న చెయ్యి అది. మైకు సౌండు బటన్ మీద చెయ్యి వేశాడు, చివరికంటా పెంచేశాడు.

వాళ్ళమ్మ గొంతు బస్టాండు దాకా వినబడింది.

“ఇంకా తొమ్మిదిళ్ళున్నాయి నాయనా, చూసుకుని నడువు.”